రైతు సాయం డబ్బు: పొలం చేసేది ఒకరు, ఖాతా ఇంకొకరిది

మృగశిర కార్తె దగ్గరపడిందంటే పల్లెల్లో ఖర్చులన్నీ ఒక్కసారే మీద పడతాయి. విత్తనాలు తేవాలి, ఎరువులు తేవాలి, దుక్కి దున్నించాలి. అదే నెలలో బడులు తెరుస్తారు కాబట్టి పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం. కిరాణా దుకాణంలో పాత బాకీ ఉండనే ఉంటుంది. 2024లో, 2025లో బక్రీద్ కూడా జూన్‌లోనే వచ్చింది. పంట చేతికి వచ్చేది మాత్రం దసరా దాటాక. అంటే డబ్బు అవసరం ఉన్న నెలకూ, డబ్బు వచ్చే నెలకూ మధ్య కనీసం ఐదారు నెలల దూరం.

ఈ దూరంలోనే వడ్డీ పుడుతుంది. జుమా బయానులో వడ్డీ హరామ్ అని వింటాం, తల ఊపుతాం. సోమవారం పొద్దున విత్తనాల దుకాణం ముందు నిలబడితే జేబులో ఏమీ ఉండదు. ఇంట్లో బంగారం ఉంటే తాకట్టుకు పోతుంది. లేకపోతే మూడు రూపాయల వడ్డీకి చేయి చాపాలి. కౌలు రైతుకు బ్యాంకు పంట రుణం కూడా దొరకదు, కాగితం లేదు కాబట్టి.

ప్రభుత్వం నేరుగా రైతు ఖాతాలో వేసే డబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఈ జూన్ నెలను దృష్టిలో పెట్టుకోవాలి. ఓట్ల కోసం ఇస్తున్నారనో, రైతులను సోమరులను చేస్తున్నారనో టీవీల్లో చర్చలు నడుస్తుంటాయి. అవి పక్కన పెట్టి ఒక్కసారి లెక్క చూద్దాం.

రెండెకరాల లెక్క

తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. మొదట ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు. మొదటి విడత చెక్కుల రూపంలో ఊరూరా పంచారు, తర్వాత నేరుగా ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. 2019లో దాన్ని 5,000 చేశారు. ప్రభుత్వం మారాక పేరు రైతు భరోసా అయింది. 2025 జనవరి 26 నుంచి ఎకరానికి పంటకు 6,000, అంటే ఏడాదికి 12,000.

రెండెకరాల్లో పత్తి వేసే రైతును తీసుకుందాం. వానాకాలానికి అతని ఖాతాలో 12,000 పడతాయి. 2025లో బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ట ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు చొప్పున నాలుగు ప్యాకెట్లకు 3,604. డీఏపీ బస్తా 1,350, రెండు బస్తాలకు 2,700. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, నాలుగు బస్తాలకు 1,066. మొత్తం 7,370. మిగిలిన 4,630 దుక్కికి, విత్తే కూలీలకు. అంటే పంట మొలకెత్తి నిలబడేదాకా అప్పు చేయకుండా గడుస్తుంది. ఆ తర్వాత కలుపు, మందులు, అన్నిటికంటే ఎక్కువగా పత్తి ఏరే కూలి ఖర్చు ఉంటుంది. దానికి ఈ డబ్బు ఏ మూలకూ సరిపోదు. ఈ సాయంతో వ్యవసాయం లాభాల బాట పట్టిందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

అయినా అదే 12,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు 360, ఆరు నెలలకు 2,160 రూపాయలు. ఆ డబ్బుతో రెండు ఎకరాల విత్తనాలు సగానికి పైగా వచ్చేవి. ఇది కంటికి కనిపించే లాభం. కనిపించని లాభం ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే పెద్దది.

ఉద్దెర మీద విత్తనాలు తెచ్చుకునే రైతు ఏ కంపెనీ విత్తనం కావాలో తాను చెప్పలేడు. దుకాణంవాడు ఇచ్చిందే తీసుకోవాలి. ధర అడగలేడు. బిల్లు అడిగితే "ముందు డబ్బులు కట్టు, అప్పుడు బిల్లు" అంటాడు. విత్తనం మొలవకపోతే, కాయ కాయకపోతే నష్టపరిహారానికి ఫిర్యాదు చేయాలంటే మొట్టమొదట అడిగేది బిల్లే. ఇక చాలా ఊళ్లలో ఉద్దెర ఇచ్చినవాడే పంట కొనేవాడు కూడా. పత్తి ఇంటికి రాగానే అతని కాంటా మీదికే పోవాలి, అతను చెప్పిన రేటుకే పోవాలి, తేమ ఉందని రెండు కిలోలు తరుగు తీస్తే నోరు మూసుకోవాలి. చేతిలో నగదు పట్టుకుని దుకాణానికి వెళ్లిన రోజు ఈ గొలుసులో మొదటి కడియం తెగుతుంది. బిల్లు చేతికి వస్తుంది. నాలుగు దుకాణాలు తిరిగి చూసుకోవచ్చు. పంట రెండు వారాలు ఇంట్లో దాచి మంచి ధరకు అమ్ముకునే ధైర్యం వస్తుంది.

కాకపోతే ఇదంతా డబ్బు సమయానికి వస్తేనే. 2025 వానాకాలానికి జూన్ 16న మొదలుపెట్టి తొమ్మిది రోజుల్లో వేశారు, అది నిజంగా పనికొచ్చింది. అంతకుముందు ఏడాది 2024 వానాకాలానికి రైతు భరోసా పడనే లేదు. ఆ తర్వాతి యాసంగికి జనవరి 26న మొదలై, తక్కువ భూమి ఉన్నవారితో మొదలుపెట్టి విడతలు విడతలుగా నెలల తరబడి సాగింది. యాసంగి వరి నాట్లు అయిపోయాక వచ్చిన డబ్బు పాత అప్పు తీర్చడానికి పోతుంది, లేదా ఇంటి ఖర్చుకు పోతుంది. అది కూడా అవసరమే, కాదనను. కానీ షావుకారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అతన్ని లేపడం, రాకుండా ఆపడం రెండూ ఒకటి కాదు.

డబ్బు ఇస్తే తాగి తగలేస్తారా?

ఈ మాట మన ఇళ్లలో కూడా వినిపిస్తుంది. పట్నంలో ఉద్యోగం చేసే బావగారు ఊరికి వచ్చినప్పుడల్లా అంటారు. దీని మీద ప్రపంచంలో చాలా చోట్ల పరిశోధనలు జరిగాయి. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో పలు దేశాల అధ్యయనాలను కలిపి చూశారు. పేదలకు నగదు ఇస్తే మద్యం, పొగాకు మీద ఖర్చు పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. కెన్యాలో పల్లె కుటుంబాలకు షరతులు లేకుండా డబ్బు ఇచ్చి చూసిన అధ్యయనంలోనూ అదే తేలింది. గడ్డి కప్పులు తీసి రేకులు వేయించుకున్నారు, పశువులు కొనుక్కున్నారు, తిండి మెరుగైంది. ఒకేసారి పెద్ద మొత్తం వచ్చినవాళ్లు వస్తువులు, పశువుల మీద పెట్టారు. నెల నెలా కొంచెం కొంచెం వచ్చినవాళ్లకు తిండి భద్రత ఎక్కువ పెరిగింది.

మనకు దగ్గరి ఉదాహరణ మధ్యప్రదేశ్‌ది. 2011లో ఇండోర్ చుట్టుపక్కల ఎనిమిది పల్లెల్లో సేవా అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం చేసింది. ప్రతి పెద్దవారికి నెలకు 200, ప్రతి పిల్లకు 100 రూపాయలు. ఏడాది తర్వాత 300, 150 చేశారు. పిల్లల డబ్బు తల్లి చేతికి. భూమి ఉందా లేదా అని అడగలేదు, కులం మతం అడగలేదు, ఊళ్లో ఉన్న అందరికీ ఇచ్చారు. ఏమైంది? అప్పులు తగ్గాయి. పరాయి పొలంలో కూలికి పోయే రోజులు తగ్గించుకుని సొంత చెక్కలో పని చేసుకున్నవాళ్లు పెరిగారు. మేకలు, కోళ్లు కొనుక్కున్నారు. ఆడపిల్లలు బడికి పోవడం పెరిగింది. నెలకు 200 రూపాయలు ఏ లెక్కలోకి వస్తాయి అనిపిస్తుంది. కానీ అవి కచ్చితంగా ఫలానా రోజున వస్తాయని తెలియడం వల్ల వచ్చిన మార్పు అది.

ఆ ప్రయోగానికీ మన రైతు పథకాలకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ మనిషిని చూసి ఇచ్చారు. ఇక్కడ పట్టాదారు పాస్‌బుక్‌ను చూసి ఇస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

కౌలు అంటే మాట

రైతు అనే మాట రయ్యత్ నుంచి వచ్చింది. కౌలు అనే మాట ఖౌల్ నుంచి వచ్చింది, అరబీలో ఖౌల్ అంటే పలికిన మాట. పట్టా, పహాణి, ఇనాం, తహసీల్, జమాబందీ, విరాసత్, ఇవన్నీ నిజాం కాలం నుంచి మన పల్లెల్లో ఉర్దూ, తెలుగు తేడా లేకుండా అందరూ వాడే మాటలే. ఆ ఖౌల్ ఇప్పటికీ అక్షరాలా ఖౌలే. ఉగాది నాటికి, లేదా మే నెలలో, వేపచెట్టు కింద కూర్చుని ఎకరానికి ఇంత అని నోటిమాటతో ఒప్పుకుంటారు. కాగితం రాయరు. రాస్తే భూమి మీద హక్కు అడుగుతాడని భూయజమానికి భయం. రాయమని పట్టుబడితే వచ్చే ఏడాది పొలం ఇవ్వడని కౌలు రైతుకు భయం.

తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పటి నుంచి డబ్బు పట్టాదారుకే. పొలంలో దిగి బురద తొక్కేది కౌలు రైతు, ఫోన్‌లో మెసేజ్ మోగేది హైదరాబాద్‌లోనో, ఇంకా దూరంగానో ఉన్న యజమానికి. ఎకరాల మీద పరిమితి లేదు కాబట్టి రెండెకరాల పట్టాదారుకు 12,000 వస్తే, నలభై ఎకరాల ఆసామికి 2,40,000. ఆయన కౌలుదారుకు సున్నా. ఈ డబ్బు వస్తోంది కదా అని కౌలు తగ్గించిన యజమానులు లేకపోలేదు, కానీ అటువంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాగు చేసేవాడిని గుర్తించడానికి చట్టం లేదనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. తెలంగాణలో దాన్ని పట్టించుకోలేదు.

భూమి లేని వ్యవసాయ కూలీల కోసం 2025 జనవరిలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో ఏడాదికి 12,000 ఇస్తామన్నారు. దానికి ఉపాధి హామీలో 2023-24లో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్నది షరతు. జాబ్ కార్డు తీసుకోనివాళ్లు, మండీలో హమాలీగానో, ఇటుక బట్టీలోనో రోజు గడుపుకునేవాళ్లు అందులోనూ లేకుండా పోయారు. మన వాళ్లలో ఇటువంటివారు ఊరికి నలుగురైనా ఉంటారు. జాబ్ కార్డుకు గ్రామ పంచాయతీలో దరఖాస్తు పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. పనికి వెళ్లినా వెళ్లకపోయినా కార్డు ఉండడం మంచిది అనేవాళ్ల మాట వినండి, కానీ ఆ కొద్ది రోజుల పని కూడా చేస్తేనే ఇటువంటి పథకాల్లో లెక్కకు వస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ కొంచెం వేరు. 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందంతో కౌలు రైతుకు సీసీఆర్‌సీ కార్డు ఇచ్చే పద్ధతి పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో ఏడాదికి 13,500, అందులో 6,000 కేంద్రం పీఎం కిసాన్‌వి. సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు కూడా రాష్ట్ర నిధులతోనే ఆ మొత్తం ఇస్తామన్నారు. మైనారిటీ అనే మాటను స్పష్టంగా రాసిన కొద్ది పథకాల్లో అది ఒకటి. ఇప్పుడున్న అన్నదాత సుఖీభవలో కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి 20,000. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి దగ్గర తొలి విడతగా 7,000 విడుదల చేశారు. చట్టం ఉన్నా కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెట్టడు. గుంటూరు, పల్నాడు వైపు మిర్చి, పత్తి వేసే నూర్‌బాషా, షేక్ కుటుంబాల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి ఒకే పొలం చేస్తున్నా కార్డు లేనివాళ్లే.

మనకు మాత్రమే ఉన్న ఇంకో చిక్కు ఇనాం భూములది. దర్గా ముజావర్లు, మసీదు ముల్లాలు, ఖాజీల కుటుంబాలు తరాలుగా సర్వీస్ ఇనాం భూములు సాగు చేసుకుంటున్నాయి. ఇవి వక్ఫ్ ఆస్తి, పట్టా కాదు, కాకూడదు కూడా. కానీ పట్టా లేదు కాబట్టి ఆ కుటుంబానికి రైతు సాయం లేదు. 2020లో ధరణి వచ్చాక ఇంకో ఇబ్బంది కలిసింది. ఒక సర్వే నంబరులో కొంత భాగం వక్ఫ్ అయితే మొత్తం నంబరునే నిషేధిత జాబితాలో పెట్టిన చోట్ల పక్కనున్న సొంత పట్టాదారు కూడా ఇరుక్కున్నాడు. ఇక్కడ అడగాల్సింది వక్ఫ్ భూమికి పట్టా ఇమ్మని కాదు. ఆ దారిలో పోతే భూమి చేతులు మారి దర్గాకే లేకుండా పోతుంది. సాగుదారుగా గుర్తించి సాయం ఇమ్మని అడగాలి.

అబ్బా పేరున పాస్‌బుక్, కొడుకు చేతిలో నాగలి

కౌలు సంగతి ప్రభుత్వం చేతిలో ఉంది, భూయజమాని చేతిలో ఉంది. సొంత భూమి ఉన్న కుటుంబాల్లో జరిగే నష్టం మాత్రం చాలావరకు మన చేతులారా చేసుకునేదే. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

చాలా ఇళ్లలో పాస్‌బుక్ డెబ్బై ఏళ్ల అబ్బా పేరున ఉంటుంది. పొలం చేసేది నలభై ఏళ్ల కొడుకు. డబ్బు అబ్బా ఖాతాలో పడుతుంది, ఇంటికే వస్తుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. తేడా తెలిసేది రైతు బీమా దగ్గర. 2018 ఆగస్టు నుంచి తెలంగాణలో పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి ఎల్‌ఐసీ ద్వారా 5 లక్షలు ఇస్తున్నారు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి. అబ్బాకు వయసు దాటింది కాబట్టి బీమా లేదు. కొడుకు పేరున గుంట భూమి లేదు కాబట్టి అతనికీ బీమా లేదు. పొలంలో కరెంటు షాక్ కొట్టి ఆ కొడుక్కి ఏదైనా అయితే, భార్యాపిల్లలకు ఒక్క రూపాయి రాదు. ఒక ఎకరం అతని పేరున మార్చి ఉంటే 5 లక్షలు వచ్చేవి. నాలుగు ఎకరాల మీద ఏడాదికి వచ్చే 48,000 కంటే ఇది పది రెట్లు.

బతికుండగా ఇవ్వాలంటే హిబా ఉంది. నోటితో చెప్పి, భూమి అప్పగించి చేసిన హిబా షరీఅత్‌లో చెల్లుతుంది. రెవెన్యూ రికార్డు మాత్రం మాటను వినదు. రిజిస్టరు చేసిన గిఫ్ట్ డీడ్ ఉంటేనే పేరు మారుతుంది. హిబా చేసేటప్పుడు పిల్లలందరి మధ్య న్యాయం చూడమని దీన్ చెబుతుంది. పొలం చేసే కొడుక్కి ఇచ్చి ఊరుకోకుండా కూతుళ్లకూ చూపించాలి.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఇంకా గందరగోళం. విరాసత్ చేయించరు. చేయించాలంటే వారసులందరూ ఒప్పుకుని సంతకాలు చేయాలి, అంటే చెల్లెళ్లను పిలవాలి, పిలిస్తే వాటా మాట వస్తుంది. అందుకే ఏళ్ల తరబడి చనిపోయినవారి పేరు మీదే భూమి ఉండిపోతుంది. ఖాతా ఆగిపోతుంది, సాయం ఆగిపోతుంది. లేదంటే "చెల్లెళ్లు వదులుకున్నారు" అని చెప్పి అన్నదమ్ములు రాయించుకుంటారు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం అని ఖురాన్ నిర్ణయించిన వాటాలు. ఇవి అడిగితే ఇచ్చేవి కావు, అడగకపోయినా ఇవ్వాల్సినవి. ఇప్పుడు ఆ భూమి మీద ప్రతి పంటకూ ప్రభుత్వం డబ్బు వేస్తోంది. చెల్లెలి వాటా భూమి అన్న దగ్గర ఉంటే, దాని మీద వచ్చిన రైతు భరోసా ఎవరిది? ఏడేళ్లుగా తిన్నది ఎవరిది? మన మౌలానాలు జుమా రోజు ఒక్కసారి ఈ ప్రశ్న వేస్తే చాలా ఇళ్లలో ఆ రాత్రి మాట్లాడుకోవడం మొదలవుతుంది.

అమ్మీ పేరున ఎనిమిదో వంతు రాయిస్తే, ఎకరం లెక్కన వచ్చే డబ్బు ఆమె సొంత ఖాతాలో పడుతుంది. మూడు వేలో, నాలుగు వేలో. కొడుకుల దగ్గర మందులకు చేయి చాపే అవసరం ఉండదు. మధ్యప్రదేశ్ పల్లెల్లో తల్లి చేతికి ఇచ్చిన నెలకు వంద రూపాయలు చేసిన పని ఇదే.

షేక్, ఎస్‌కే, ఎండీ

డబ్బు రాకపోవడానికి ఇంకో కారణం మన పేర్లే. ఆధార్‌లో షేక్ మస్తాన్‌వలి, పాస్‌బుక్‌లో ఎస్‌కే మస్తాన్ వలీ, బ్యాంకులో మస్తాన్ షేక్. మొహమ్మద్ ఒక చోట మహమ్మద్, ఇంకో చోట ఎండీ. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు బీ, తర్వాత బేగం, రేషన్ కార్డులో బి ఒక్కటే. కంప్యూటర్‌కు ఇవి ముగ్గురు మనుషులు. ముందు ఆధార్‌లో ఏ పేరు ఉండాలో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోండి. తర్వాత మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించుకోండి. తలా ఒకటి మార్చుకుంటూ పోతే ఎన్నటికీ కలవవు.

పీఎం కిసాన్‌లో ఏడాదికి 6,000, మూడు విడతలుగా 2,000 చొప్పున వస్తాయి. ఇది కుటుంబానికి ఒకరికే. కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమి మీద రాదు, వారసత్వంగా వచ్చిన భూమి మీద వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు రాదు. ఈ-కేవైసీ తప్పనిసరి. డబ్బు మీరు ఇచ్చిన ఖాతా నంబరుకు పోతుందనుకుంటారు చాలామంది. అది ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకు ఖాతా ముడిపడి ఉందో దానికి పోతుంది. అమ్మాయి స్కాలర్‌షిప్ కోసమో, గ్యాస్ రాయితీ కోసమో మీరు మధ్యలో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే, డబ్బు అక్కడ పడి ఉండొచ్చు. రాలేదని తిరిగేముందు పాత ఖాతాలన్నీ ఒకసారి చూసుకోండి. కేంద్రం సాయం గురించి అడగడానికి 155261 నంబరు ఉంది. ఖాతాలో పడిన సాయాన్ని పాత అప్పు కింద పట్టుకోవద్దని ప్రభుత్వాలు బ్యాంకులకు చెబుతూ వచ్చాయి. ఎవరైనా పట్టుకుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నోటిమాటతో వదిలేయకండి.

రానివాళ్ల సంగతి

జాబితాలో పేరు లేనివాళ్ల కోసం మన దగ్గర ఒక పాత ఏర్పాటు ఉంది, అందరం మరిచిపోయాం. వర్షాధార పంట మీద పదో వంతు, సొంత ఖర్చుతో నీళ్లు పెట్టిన పంట మీద ఇరవయ్యో వంతు ఉష్ర్. రంజాన్‌లో డబ్బు జకాత్ తీసేవాళ్లు కూడా పంట మీద ఉష్ర్ మాట ఎత్తరు. మన దేశంలో ఏ భూమి మీద ఎలా వర్తిస్తుంది, కౌలు భూమికి యజమాని ఇవ్వాలా కౌలుదారు ఇవ్వాలా అన్న విషయాల్లో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇమామ్ అబూ హనీఫా యజమాని మీద ఉందన్నారు, ఆయన శిష్యులిద్దరూ పండించినవాడి మీద ఉందన్నారు. మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. జకాత్ అందుకోదగ్గ ఎనిమిది వర్గాల్లో ఫకీర్లు, మిస్కీన్లతోపాటు అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఊరి మసీదు కమిటీ నవంబరులో పంట కోతల నాడు ఉష్ర్ సేకరించి దాచి, జూన్ మొదటి వారంలో ఇద్దరు ముగ్గురు కౌలు రైతుల చేతికి విత్తనాల డబ్బు ఇస్తే, వాళ్లు ఆ ఏడాది వడ్డీ ముట్టనక్కర్లేదు. రంజాన్ తేదీ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, విత్తే కాలం జరగదు. రైతుకు ఇచ్చే సాయం విత్తే కాలాన్ని చూసుకుని ఇవ్వాలి.

ఇక భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న మన వాళ్లు చాలామంది ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లూ ఉన్నారు. పొలం మీరు చేయడం లేదు, రైతు భరోసా మీ ఖాతాలో పడుతోంది. ఎకరానికి 15,000 కౌలు మాట్లాడుకున్నారనుకుందాం. రెండు పంటలకు మీకు వచ్చిన 12,000లో సగం కౌలులోంచి తగ్గించినా, కౌలుదారు ఇచ్చేది 9,000. అతను జూన్‌లో తేవాల్సిన అప్పు ఎకరానికి 6,000 తగ్గుతుంది, మీ జేబులోంచి మీ సొంత రూపాయి ఒక్కటీ పోదు. వచ్చే ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడు ఇది మీరే ముందు ఎత్తండి, అతను అడగలేడు.